కారు సొట్టకు బిల్లు రాసేది ఎవరు?

పార్కింగ్‌లో కారు వెనక్కి తీస్తుంటే స్తంభం తగిలి అరచేతి వెడల్పున సొట్ట పడుతుంది. గ్యారేజీ ఇచ్చిన అంచనా చూడగానే గుండె గుభేలుమంటుంది. వెంటనే కలిగే అనుమానం ఒక్కటే: దోచుకుంటున్నారు! అలా దోచుకునేవాళ్లకు కొదవ లేదు, నిజమే. అయినా ఆ బిల్లులో చాలా భాగం గ్యారేజీ తలుపు తెరవకముందే ఖాయమైపోతుంది. కారును డిజైన్ చేసినవాళ్లు, విడిభాగాలకు ధర కట్టినవాళ్లు దాన్ని ఎప్పుడో రాసిపెట్టారు.

అందరూ గొడవపడేది రంగు దగ్గర. నా దృష్టిలో బిల్లులో అత్యంత న్యాయమైన పద్దు కూడా అదే. ఫ్యాక్టరీలో వైర్లు, సీట్లు బిగించకముందే ఒట్టి బాడీకి రంగు వేసి సుమారు 140 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. పూర్తిగా తయారైన కారును అంత వేడిలో పెడితే లోపలి ప్లాస్టిక్ మిగలదు. అందుకే మరమ్మతుకు వాడే రంగులు 60 డిగ్రీల దగ్గరే ఆరే వేరే రకానివి. కంపెనీ ఇచ్చే రంగు కోడ్ ఒకటే అయినా ఎండకు వెలిసిన పాత రంగుతో కొత్తది కలవదు. ఇక మెటాలిక్ రంగయితే, అందులోని అల్యూమినియం రేణువులు ఏ వాలున పడతాయన్నది స్ప్రే గన్ దూరాన్ని, గాలి ఒత్తిడిని బట్టి మారిపోతుంది. తెలిసిన పెయింటరు ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, ఆరాక పగటి వెలుతురులో డోరు పక్కన పెట్టి చూస్తాడు. కుదరకపోతే మళ్లీ కలుపుతాడు. అప్పటికీ తేడా కనిపించకుండా కొత్త రంగును పక్క డోరు మీదికి, ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) మీదికి పలుచగా పరిచి, వాటికి పూర్తిగా క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పూత, వేస్తాడు. దానికోసం ఆ భాగాల హ్యాండిళ్లు, అద్దం, రబ్బరు పట్టీలు విప్పాలి. ‘సొట్ట పడింది ఒక డోరుకైతే మూడింటికి డబ్బులా?’ అని నిలదీసేవాళ్లకు జవాబు ఇదే. రంగు పగలకుండా నొక్కుకుపోయిన చిన్న సొట్టయితే వెనకనుంచి కడ్డీలతో నెట్టి సరిచేయవచ్చు. అలాంటి దానికీ పుట్టీ, రంగు అంటున్నారంటే మాత్రం ఇంకో చోట అడిగి చూడటం మంచిది.

ఖర్చును నిజంగా ఎగదోసింది బంపర్ చాటున చేరిన సరంజామా. ముందు వాహనాన్ని కనిపెట్టే రాడార్లు, పార్కింగ్ సెన్సర్లు ఇప్పుడు తొలి దెబ్బ తగిలేచోటే కూర్చున్నాయి. పైన ప్లాస్టిక్‌కు గీత మాత్రమే పడినా లోపలి బ్రాకెట్ కాస్త వంగి ఉండవచ్చు. రాడార్ చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో గురి 1.75 మీటర్లు తప్పుతుంది. అంటే రోడ్డు మీద ఒక లేన్ వెడల్పులో దాదాపు సగం. తనంతట తానే పడే అత్యవసర బ్రేకు అప్పుడు ఏ బండిని చూసి పడుతుంది? అందుకే క్యాలిబ్రేషన్, అంటే సెన్సర్ల గురిని కొలిచి సరిచేయడం, అనే పద్దు వచ్చి చేరింది. అది పనికిమాలిన ఖర్చు కాదు. చేసినట్టు రిపోర్టు ఇవ్వకుండా డబ్బు తీసుకుంటేనే పనికిమాలినది. రాడార్ ఎదురుగా ఉన్న భాగానికి పుట్టీ పెట్టకూడదని, అదనపు పొరలు రంగు వేయకూడదని చాలా కంపెనీలు షరతు పెడతాయి. దాంతో చిన్న పగులుకూ బంపర్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

లోహం సంగతీ అంతే. కారు పైకప్పును మోస్తూ ప్రయాణికులను కాపాడే స్తంభాల్లో వాడే అతి దృఢమైన ఉక్కును వేడిచేసి సాగదీస్తే బలం పోతుంది. కోసి కొత్తది అతకాలి. అల్యూమినియం బాడీకి పనిముట్లే వేరుగా ఉంచాలి, ఉక్కు రజను అంటితే తుప్పు మొదలవుతుంది.

వీటన్నిటికీ సాంకేతిక కారణం ఉంది. హెడ్‌లైటు ధరకు మాత్రం అంత గట్టి సాకు దొరకదు. చిన్న కొక్కెం విరిగితే లైటు మొత్తం కొనాలనడం, ఆ లైటు ఆకృతి మీద డిజైన్ హక్కు పట్టుకుని ఇంకెవరినీ చేయనివ్వకపోవడం వ్యాపార నిర్ణయాలు. యూరోపియన్ యూనియన్ 2024లో డిజైన్ చట్టాలను సవరించినప్పుడు, కారు రూపాన్ని యథాతథంగా నిలబెట్టే మరమ్మతు భాగాలకు ఆ రక్షణ వర్తించకుండా మినహాయింపు పెట్టింది ఇందుకే.

ప్రభుత్వాలు ఎదురు దిశలో నడిచిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో కార్ల బంపర్ గంటకు 5 మైళ్ల వేగపు దెబ్బను తట్టుకోవాలనే నిబంధన ఉండేది. 1982లో దాన్ని 2.5 మైళ్లకు తగ్గించారు. బంపర్ క్రమంగా కాపుకాసే భాగం నుంచి కాపాడుకోవాల్సిన భాగంగా మారింది.

ఏ మోడల్ బాగుచేయడానికి ఎంత అవుతుందో బీమా రంగానికి బాగానే తెలుసు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో గుద్దించి మరమ్మతు ఖర్చు లెక్కగట్టే పరీక్ష వాళ్లకు ఎప్పటినుంచో ఉంది. అనేక దేశాల్లో ప్రీమియం శ్రేణులు నిర్ణయించేటప్పుడు ఇలాంటి లెక్కలు చూస్తారు. కారు కొనేవాడికి చూపించే కాగితంలో మైలేజీ ఉంటుంది, డిక్కీ ఎన్ని లీటర్లో ఉంటుంది, ఈ లెక్క ఉండదు. ముందు బంపర్ క్యాలిబ్రేషన్‌తో సహా ఎంత, ఒక హెడ్‌లైటు ఎంత, బాడీకి వెల్డింగ్ చేసి ఉండే వెనక ఫెండర్ మార్చడానికి ఎన్ని గంటల కూలి: ఈ మూడు అంకెలైనా షోరూములో అచ్చువేసి పెట్టాలని నిబంధన తేవడానికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు. ఆ అంకెలు కంపెనీల కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి.