జీతం ఉందని ఫొటోలు చవగ్గా తీయకండి

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు డబ్బులకి షూట్‌లు చేసేవాళ్లు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు. సంతోషమే, నేనూ ఆ దారిలోనే వచ్చాను. కానీ వాళ్ల నోట ఒక మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది: "నాకు జీతం వస్తుంది కదా, ఎంతిస్తే అంత తీసుకుంటా."

దయచేసి అలా అనకండి. అదే వీధిలో స్టూడియో నడిపే ఆయనకి షాపు అద్దె, అసిస్టెంట్ జీతం, లైట్ల ఈఎంఐ అన్నీ ఆ షూట్ల మీదే గడవాలి. మీరు మూడో వంతుకి ఒప్పుకుంటే, రేపు ఆయన న్యాయమైన రేటు చెప్పినా "మొన్న ఒకబ్బాయి ఇంతకే తీశాడు" అని బేరం మొదలవుతుంది. రేప్పొద్దున మీరు ఉద్యోగం మానేసి దీని మీదే బతకాలనుకుంటే మీకూ ఆ రేటే దిక్కు.

ఉద్యోగం నుంచి ఇటు రావడం కొత్తేం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ అంతకుముందు ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగి. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టారు. తర్వాత ఉద్యోగం వదిలి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, దాన్ని వ్యాపారంగానే నడిపారు.

సరదాకి తీసేటప్పుడు వెలుగు బాగోకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చు. డబ్బు తీసుకున్నాక ఆ వీలుండదు. గద్వాల చీరల షూటే చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, దాని మీద జరీ. నూలు వెలుగుని పీల్చేస్తుంది, పట్టు మెరుస్తుంది, జరీ మీద లైట్ నేరుగా పడితే తెల్లమచ్చ అయిపోయి నేతగాడి పనితనమంతా పోతుంది. లైట్ పక్కకి జరిపి, దాని ముందు ట్రేసింగ్ పేపర్ కట్టి, జరీ పోగులు విడివిడిగా కనిపించేదాకా తిప్పుతూనే ఉండాలి. షాపులో ట్యూబ్‌లైట్లు ఆర్పించాలి, లేదంటే కిటికీ వెలుగూ అదీ కలిసి మడతకో రంగు వస్తుంది. లైట్ మార్చినప్పుడల్లా గ్రే కార్డ్ (తర్వాత రంగులు సరిచేసుకోవడానికి పనికొచ్చే బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫ్రేమ్ తీసుకోవాలి. నెమలికంఠం రంగు చూసి ఆర్డర్ పెట్టినావిడకి ముదురు నీలం చీర వెళ్తే వెనక్కి పంపేస్తుంది, షాపువాళ్లకి నష్టం. ఇంత పనికి "ఎంతిస్తే అంత" అని ఎలా అనగలం?

ఇక కాగితం సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. వెబ్‌సైట్ కోసమని తీసిన ఫొటో రేపు హోర్డింగ్ ఎక్కినా అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. అందుకే కాపీరైట్ ఎవరిది, ఎన్ని ఫొటోలు, ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారు, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారు, అడ్వాన్స్ ఎంత, ఇవన్నీ కొటేషన్‌లోనే రాసి, షూట్‌కి ముందే సంతకం పెట్టించుకోండి.

డబ్బులు ఆలస్యమవుతాయన్న టెన్షన్ ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి, ఉచితం. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా మీలాంటి చిన్న సంస్థకి 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. మొహమాటపడకుండా ఈ ముక్క ప్రతి బిల్లు కిందా రాసి పంపండి.