కనుమ సామెతకు సవరణ కావాలి

‘కనుమ నాడు కాకి కూడా కదలదు’ అని శాసించిన పెద్దలకు, మర్నాడు ఉదయం తొమ్మిదింటికి హైదరాబాదులో మీటింగు ఉంటుందన్న సంగతి తట్టకపోవడం విచారకరం. పశువులను కడిగి అలంకరించి, మినప గారెలు తిని, అయినవాళ్ల మధ్య తీరిగ్గా కూర్చోవాలన్న వారి ఉద్దేశం మంచిదే. అయితే మధ్యాహ్నం రెండు దాటాక, ఉద్యోగమున్న కాకులు మేనేజరు ఆదేశాల మేరకు కదలవచ్చునని ఒక సవరణ చేర్చడం అత్యవసరం.

అసలు తీరిక సంపాదించడమే తీరికలేని పని. 2024 నవంబరు 1 నుంచి రైల్వే శాఖ ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించింది. కనుక కన్నవారితో నాలుగు రోజులు నింపాదిగా గడపదలచిన కుమారుడు నవంబరు నడిమిలో ఒక ఉదయం, ఎనిమిది కొట్టకముందే ఫోను చేతబట్టి ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. కాస్త ఆలస్యంగా మేలుకొన్న మమకారం వెయిటింగ్ లిస్టులోకి పోతుంది.

రైలు దక్కనివారు కారెక్కుతారు. నిజం చెప్పాలంటే, ఈ కాలంలో కుటుంబ వ్యవస్థను నిలబెడుతున్నది విజయవాడ రహదారి మీది పంతంగి టోల్‌గేటు. భార్యాభర్తలు, పిల్లలు, వెనక సీట్లో మామ్మ, ఎవరూ లేచి వెళ్లిపోయే వీలు లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గంటల తరబడి కలిసి ఉండే అవకాశం ఇంట్లోనైనా దొరుకుతుందా? 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్‌ను తప్పనిసరి చేసి ప్రభుత్వం ఈ అనుబంధాలకు తీరని అన్యాయం తలపెట్టింది. సంక్రాంతి రద్దీ పుణ్యమా అని ఆ ప్రయత్నం పూర్తిగా ఫలించలేదు.

ఇంటికి చేరాక జరిగేది స్వల్పమే: భోగి నాడు నిద్ర, పండుగ నాడు అరుగు మీద ల్యాప్‌టాప్. దీన్ని తప్పుపట్టేవారు 2025లో సరిగ్గా సంక్రాంతి ముందు బయటికొచ్చిన ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ అభిప్రాయాన్ని గుర్తు చేసుకోవాలి. ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని ప్రశ్నించిన ఆయన, వారానికి 90 గంటల పనిని కోరుకున్నారు. వారానికున్న 168 గంటల్లో అవి పోగా మిగిలేవి 78. రోజుకు ఏడు గంటల చొప్పున నిద్ర తీసేస్తే 29. స్నానం, భోజనం, నగరంలో ట్రాఫిక్ కూడా ఇందులోనే సర్దుకోవాలి కాబట్టి, ఆప్యాయతకు వేళ కేటాయించేటప్పుడు పొదుపు పాటించడం పౌరధర్మం.

ఈ లెక్కలేవీ ఎరగని అమ్మ, కనుమ నాడు పొయ్యి దగ్గర నుంచే “భోంచేసి వెళతావా, కట్టిమ్మంటావా?” అని అడుగుతుంది. కట్టిమ్మనడమే వివేకం. తీరిగ్గా తినడానికి పంతంగి ఎలాగూ ఉంది.