బ్యాకప్ సర్వర్ పడిపోతే ముందు రీబిల్డ్ జోలికి వెళ్లకండి

రెయిడ్ 5 అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు, ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. అందులో రెండో డిస్కు కూడా ‘ఫెయిల్డ్’ అని చూపించగానే చాలామంది చేసే పని దాన్నే మళ్లీ ‘యాడ్’ చేసి రీబిల్డ్‌కి దిగడం. అలా చేస్తే డేటా పోవచ్చని లినక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎమ్‌డీఆడమ్ స్వయంగా హెచ్చరిస్తుంది. అయినా వినకుండా ‘జీరో సూపర్‌బ్లాక్’ కొట్టి, డిస్కు మీదున్న రెయిడ్ వివరాలు చెరిపి మరీ ఎక్కిస్తారు. ఏ డిస్కు ఏ వరసలో ఉండేదో చెప్పే రికార్డు అక్కడితో సరి. బెంగళూరులో సర్వర్లు చూసే మన తెలుగువాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ పని చెయ్యకండి.

అసలు ఆ రెండో డిస్కు చాలాసార్లు చచ్చిపోయి ఉండదు. మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఒక్క చెడ్డ సెక్టార్ తగిలినా దాన్ని చదవడానికి నిమిషం పైగా కుస్తీ పడుతుంది. లినక్స్ కెర్నల్ ఆగేది 30 సెకన్లే. ఆ తర్వాత లింకు రీసెట్ అయి, డిస్కు ఎర్రే నుంచి, అంటే ఆ డిస్కుల జట్టు నుంచి, బయటికి పోతుంది. అంటే లోపల డేటా దాదాపు మొత్తం భద్రంగానే ఉంటుంది.

ఇంకో మాట. బ్యాకప్ పోయిందంటే ప్రొడక్షన్ డేటాకి ఇక ఒకటే కాపీ. ముందు దాన్ని ఏదో ఒక యూఎస్‌బీ డిస్కులోకైనా దింపండి. మిగతాదంతా తర్వాతే.

ఇప్పుడు సర్వర్ ఆపి, ప్రతి డిస్కు మీదా స్లాట్ నంబరు మార్కర్‌తో రాసి, సీరియల్ నంబరు నోట్ చేసుకోండి. బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి అదే సైజో, అంతకన్నా పెద్దవో కొత్త డిస్కులు తెచ్చి లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, చెడ్డ డిస్కుల్నీ కాపీ చెయ్యగల డీడీరెస్క్యూ అనే టూల్‌తో క్లోన్ చెయ్యండి. మొదటి విడత ‘మైనస్ ఎన్’తో, చెడ్డ చోట్లని గీకకుండా. రెండో విడత ‘మైనస్ డీ’తో, అంటే కెర్నల్ క్యాష్ లేకుండా నేరుగా చదివేలా, మూడు రీట్రైలతో. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్‌ఫైల్‌ని లైవ్ యూఎస్‌బీతో నడిచే సిస్టమ్ ర్యామ్‌లో పెట్టకండి. కరెంటు పోతే చేసిందంతా మొదటికొస్తుంది. 8 టీబీ డిస్కుకి సెకనుకి 150 ఎంబీ లెక్కన సుమారు 15 గంటలు. ఎప్పటికవుతుందని గంటగంటకీ అడిగే మేనేజర్‌కి ఈ లెక్క ముందే చెప్పండి.

క్లోన్ల మీద ఎమ్‌డీఆడమ్ ‘ఎగ్జామిన్’ కొట్టి ఈవెంట్ కౌంట్లు, అంటే ఎర్రేలో మార్పులు జరిగే కొద్దీ పెరిగే అంకెలు, చూడండి. అన్నిటికన్నా వెనకబడినదే ముందుగా పోయిన డిస్కు. దాన్ని పక్కన పెట్టి మిగతావి ‘అసెంబుల్ ఫోర్స్’తో, రీడ్ ఓన్లీగా లేపండి. ఎర్రేని కొత్తగా సృష్టించే ‘క్రియేట్ అష్యూమ్ క్లీన్’ అనే చిట్కా నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. డిస్కుల వరస, చంక్ సైజు (డేటాని డిస్కులకి పంచే ముక్క సైజు), డేటా ఆఫ్‌సెట్ (డిస్కులో డేటా మొదలయ్యే చోటు), వీటిలో ఒక్కటి తప్పినా వచ్చేది చెత్తే. ఎమ్‌డీఆడమ్ వెర్షన్ మారితే ఆ ఆఫ్‌సెట్ కూడా మారొచ్చు.

ఎర్రే లేచిందని వెంటనే ఫైల్‌సిస్టమ్‌ని రిపేరు చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపకండి. ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే ‘నోలోడ్’తో, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ‘నోరికవరీ’తో రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఫైళ్లు కాపీ చేసుకోండి. డేటాబేస్ డంపులుంటే వేరే మెషిన్‌లో రిస్టోర్ చేసి, టేబుళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. అదయ్యేదాకా నంబర్లు వేసిన ఆ పాత డిస్కులు తాళం వేసిన డ్రాయర్‌లోనే ఉండాలి.