ప్లాన్ కాగితం ఎనిమిది పేజీలూ చదివిన బావ

డాలస్‌లో ఉండే మా అక్కకి కిందటేడు బాబు పుట్టాడు. ఇంటికొచ్చిన కొన్నాళ్లకి పోస్టులో రెండు బిల్లులు వచ్చాయి. ఒకటి అక్క పేరు మీద. రెండోది బారసాల కూడా కాని పసివాడి పేరు మీద. వాడికి విడిగా డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ డబ్బివ్వడం మొదలెట్టేలోపు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఉంటుందని బావకి అప్పుడే తెలిసింది. "చదవలేదనుకోకు, ఇన్సూరెన్స్ ప్లాన్ కాగితం ఎనిమిది పేజీలూ చదివాన్రా" అన్నాడు ఫోన్లో.

అబద్ధం కాదు, చదివే ఉంటాడు. అమెరికాలో కంపెనీలు ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్ ప్లాన్ల వివరాలు ఉద్యోగులకి చెప్పి తీరాలన్న నియమాలు కొత్తవేం కావు. ఉద్యోగుల పెన్షన్, ఆరోగ్య ప్లాన్ల కోసం 1974లో వచ్చిన ఎరిసా చట్టం ప్రకారం ప్లాన్‌లో చేరిన 90 రోజుల్లోగా 'సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్' అనే వివరణ పత్రం ఉద్యోగికి అందాలి. అది సగటు సభ్యుడికి అర్థమయ్యేలా ఉండాలని చట్టంలోనే రాశారు. రాతపూర్వకంగా అడిగిన 30 రోజుల్లో ఇవ్వకపోతే కోర్టు రోజుకి 110 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. పేరుకి సమ్మరీ గానీ అది వంద పేజీలు దాటడం మామూలే. ఆఫీసు పనంతా కంప్యూటర్ మీదే చేసేవాళ్లకి దాన్ని ఈమెయిల్లో పంపినా చెల్లుతుంది. ఆ లింకు ఎంతమంది తెరుస్తారో చెప్పక్కర్లేదు.

ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య చట్టం దీనికి తోడుగా ఒక చిన్న పత్రం పెట్టింది. 2012 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. నాలుగు కాగితాలకి మించకూడదు, రెండు వైపులా ముద్రణ, అక్షరం 12 పాయింట్లకి తగ్గకూడదు. అందరికీ ఒకటే నమూనా, ఒకటే పదాల పట్టిక. నిజంగా మంచి పని. రెండు ప్లాన్లను పక్కపక్కన పెట్టుకుని ఏది నయమో చూసుకోవచ్చు.

బావ చదివింది ఇదే. దాని చివర మూడు ఉదాహరణలుంటాయి. పెగ్ అనే ఆవిడకి కాన్పు, జో అనే అతనికి షుగరు, మియా అనే ఆవిడకి ఎముక విరగడం. ఇటీవలి నమూనాలో పెగ్ కాన్పు ఖర్చు మొత్తం 12,700 డాలర్లు. అందులో ఆమె చేతినుంచి పడేదెంతో ప్లాన్‌ని బట్టి నింపుతారు. ఆ పేజీలోనే ఒక వాక్యం ఉంటుంది: ఈ లెక్కలు ఒక్కరికి మాత్రమే ఉన్న కవరేజీని బట్టి వేసినవి. అంటే బిడ్డ పుట్టాక కూడా పెగ్ లెక్కలో ఒంటరే!

అలాగని పత్రం దాచిందనలేం. కుటుంబంలో ప్రతి ఒక్కరూ ఎవరి డిడక్టిబుల్ వాళ్లు కట్టుకోవాలని బావ ప్లాన్ కాగితంలో మొదటి పేజీలోనే ఉంది. ఒక రోజు వయసు పిల్లాడు కూడా ఆ 'ప్రతి ఒక్కరి'లో ఉన్నాడని కాన్పు హడావిడిలో ఎవరికి తడుతుంది?

ఆ పెద్ద వివరణ పత్రం ఏ భాషలో ఉండాలన్న దాని గురించీ నియమం ఉంది. వంద, అంతకు మించి సభ్యులున్న ప్లాన్‌లో 500 మంది లేదా 10 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతమందికి ఇంగ్లిష్ కాక వేరే ఒకే భాష మాత్రమే చదవడం వస్తే, ఆ భాషలో సాయం దొరుకుతుందని తెలపాలి. హెచ్-1బీ మీద వెళ్లిన మనవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లకి ఇంగ్లిష్ వచ్చు, రానిది ఇన్సూరెన్స్ భాష. కోఇన్సూరెన్స్ (డిడక్టిబుల్ దాటాక కూడా బిల్లులో మనం కట్టే శాతం) అంటే ఏంటో తెలియక 'ఏ ప్లాన్ తీసుకోవాలి బ్రో' అని వాట్సాప్ గ్రూపులో అడిగేది ఇంజినీర్లే.

నాకు ఇంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటుంది. ఆ వంద పేజీల వివరణ పత్రంలో ఒకలా, అసలు ప్లాన్ దస్తావేజులో ఇంకోలా ఉంటే ఏది నెగ్గుతుంది? 2011లో సిగ్నా వర్సెస్ అమారా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వివరణ పత్రంలోని మాటలు ప్లాన్ షరతులు కావని తేల్చింది. అది పెన్షన్ కేసే గానీ, ఆరోగ్య ప్లాన్లకీ చట్టం అదే. తప్పుదారి పట్టిన ఉద్యోగికి వేరే రకంగా ఊరట ఇవ్వొచ్చనీ కోర్టు చెప్పింది. కానీ దానికి లాయరు కావాలి, ఏళ్లు కావాలి. నాలుగైదు వేల డాలర్ల ఆసుపత్రి బిల్లు కోసం ఎవరు తిరుగుతారు?

ఆ పత్రానికి కట్టుబడాలంటే కంపెనీలు భయపడి దాన్ని లాయర్ల భాషలో నింపేస్తాయన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి. తీసిపారేయాల్సిన వాదన కాదు. కాకపోతే ఆ వంద పేజీలు ఇప్పటికే లాయర్ల భాషలో ఉన్నాయి. నష్టం ఎలాగూ జరిగిపోయింది, దానికి బదులుగా ఉద్యోగికి దక్కిందేమీ లేదు. రెండు పత్రాలకీ పొంతన కుదరనప్పుడు ఉద్యోగికి మేలు చేసేదే చెల్లాలని చట్టంలో ఒక్క వాక్యం చేరిస్తే, రాసేవాళ్లే ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు.

అక్క వాళ్ల విషయంలో ఇంకో గండం వెంట్రుకవాసిలో తప్పింది. పుట్టిన బిడ్డను ప్లాన్‌లో చేర్చడానికి వాళ్లకున్న గడువు 30 రోజులే. బావకి ఆ సంగతి చెప్పింది ఎనిమిది పేజీల కాగితం కాదు, పాయసం తెచ్చిన పక్క అపార్ట్‌మెంట్ ఆంటీ. 26వ రోజు రాత్రి పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆన్‌లైన్‌లో పేరు చేర్చాడు.