గ్రాము రెండు వేలు

మా పాత ఐప్యాడ్‌కి వయసు మీద పడిందని 2025 వేసవిలో నాకు అర్థమైంది. పొద్దున్నే పేపరు తెరిస్తే హెడ్డింగులు బాగానే ఉంటాయి, కిందకి వచ్చేసరికి ఒత్తులూ దీర్ఘాలూ కలిసిపోయి చీమలబారులా కనిపిస్తున్నాయి. స్క్రీన్ పోతోందని తీర్మానించేశాను. మా ఆవిడ దాన్ని తీసుకుని, ఆవకాయ నూనె మరక కొంగుతో తుడిచి, "బాగానే ఉందిగా" అంది. ఆవిడకి టెక్నాలజీ ఏం తెలుసులే అని ఊరుకున్నాను.

ఇక వారం రోజులు అదే పని. మామూలు ఐప్యాడ్ 34,900. ప్రో 99,900. మధ్యలో ఎయిర్ అని ఇంకోటుంది కానీ, దాన్ని కూడా లెక్కలోకి తెస్తే వారం కాస్తా నెలవుతుందని వదిలేశాను. తేడా అక్షరాలా 65 వేలు. ఆ డబ్బుకి నలుపుని నిజంగా నల్లగా చూపించే ఓఎల్ఈడీ స్క్రీన్, సెకనుకి 60 సార్లు కాక 120 సార్లు మారే బొమ్మ ఇస్తారు. బెంగుళూరులో ఉన్న మావాడికి ఫోన్ చేసి సలహా అడిగాను.

"నాన్నా, అసలు దాంట్లో ఏం చేస్తావ్?"

"పేపరు చదువుతా, సుడోకు ఆడతా, మధ్యాహ్నం ప్రవచనం పెట్టుకుని పడుకుంటా."

"పడుకోడానికి 120 హెర్ట్జ్ ఎందుకు నాన్నా?"

వాడు వెటకారంగా అన్నా, నాకు అసలు పాయింటు అక్కడే దొరికింది. ప్రవచనం వింటూ కునుకు పట్టగానే టాబ్లెట్ వచ్చి ముక్కు మీద పడుతుంది. మామూలుది 477 గ్రాములు, 11 అంగుళాల ప్రో 444. అంటే నా ముక్కుకి 33 గ్రాములు కలిసొచ్చినట్టే. కేలండర్ వెనక లెక్క వేశాను. (ఐప్యాడ్‌లో కాలిక్యులేటర్ పెట్టిందే 2024లో. మా ముసలి ఐప్యాడ్‌కి ఆ భాగ్యం కూడా దక్కలేదు.) 65 వేలని 33తో భాగిస్తే గ్రాము రెండు వేల లోపే!

"చూశావా, బంగారం కన్నా ఎంత చవకో!" అన్నాను.

"బంగారమైతే ఉన్నదానికి కడతాం. మీరు లేనిదానికి కడుతున్నారు. దీన్ని తరుగు అంటారు," అంది మా ఆవిడ. పాతికేళ్ళుగా నగల కొట్లలో తరుగు మీద పోట్లాడి రాటుదేలిన మనిషి. నేనేం మాట్లాడతాను!

అయినా ఆదివారం సాయంత్రం ఇద్దరం బందరు రోడ్డులో షాపుకి వెళ్ళాం. కుర్రాడు రెండు టాబ్లెట్లూ పక్కపక్కన పెట్టి, ఒకే పేజీని రెండింట్లోనూ పైకీ కిందకీ జరిపాడు. "తేడా తెలుస్తోందా సార్?"

నా కళ్ళకి రెండూ పొగమంచులో నిలబడ్డ కవలపిల్లల్లా ఉన్నాయి. తెలియడం లేదంటే పరువు పోతుంది. దేవతావస్త్రాల కథలో రాజుగారి బాధ నాకప్పుడు తెలిసొచ్చింది. "అబ్బో, అసలు పోలికే లేదు! ఇదిగో, ఇది వెన్నలా జారిపోతోంది," అని కుడివైపు దాన్ని చూపించాను.

కుర్రాడు కాసేపు నీళ్ళు నమిలాడు. "అది మామూలుది సార్. మీరు ఓసారి అద్దాలు పెట్టుకుని చూడండి."

"నాకు అద్దాలు లేవయ్యా."

"అందుకే సార్..."

వెనక నుంచి కిసుక్కుమన్న నవ్వు వినపడింది. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి తన చదువుకునే అద్దాలు తీసి, ఎర్ర ఫ్రేమూ మెళ్ళో వేసుకునే గొలుసూ సహా, అందరి ముందూ నా ముక్కు మీద పెట్టింది. ఒక్కసారిగా ఒత్తులన్నీ వాటి వాటి అక్షరాల కిందకి వచ్చి బుద్ధిగా కూర్చున్నాయి. ప్రోలో నలుపు నిజంగా నలుపే, కాదనను. కానీ నేను వారం రోజులు కలవరించిన అక్షరాల పదును మాత్రం రెండింట్లోనూ ఒకటే: అంగుళానికి 264 చుక్కలు. ఆఫర్ బోర్డు కింద 'షరతులు వర్తిస్తాయి' అని రాసుందని కూడా అప్పుడే చూశాను.

అటునుంచి అటే కళ్ళజోళ్ళ షాపుకి. వయసెంత అని అడిగాడు. 48 అన్నాను. చత్వారం, నలభైలోనే రావాల్సింది, ఇన్నాళ్ళూ ఎలా లాక్కొచ్చారండీ అన్నాడు. ఫ్రేముతో కలిపి 1,800. ఇంటికొచ్చి పాత ఐప్యాడ్ తెరిస్తే ప్రతి అక్షరం ముత్యంలా ఉంది. మూలన ఉండిపోయిన నూనె మరకతో సహా.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ అదే కేలండర్ వెనక నా లెక్క కిందే తన లెక్క వేసింది. 99,900లోంచి 1,800 తీసేస్తే 98,100 మిగిలాయట! ఎక్కడ మిగిలాయని అడిగితే, "మీరు పెడదామనుకున్న డబ్బేగా" అంది.

గురువారానికల్లా బీసెంటు రోడ్డులో, ఏసీ నగల కొట్లో కూర్చున్నాం. బిల్లు చేతికిచ్చారు. బరువు, రేటు, కింద ఎక్కడో మిల్లీమీటరు ఎత్తు అక్షరాల్లో తరుగు శాతం. కొత్త అద్దాల్లోంచి ఎంత స్పష్టంగా కనిపించిందో! నోరు తెరవబోయాను.

"అవి తీసి జేబులో పెట్టుకోండి," అంది మా ఆవిడ గాజులు తొడుక్కుంటూ. "ఇక్కడ మీకు అద్దాలతో పనేముంది?"