ఓ అప్‌డేటూ, రేపు రా!

గోదావరి జిల్లాల వాళ్ళకి మర్యాద ఎక్కువంటారు. ఒప్పుకుంటాను. మా ఇంటికొచ్చిన మనిషి భోంచెయ్యకుండా వెళ్ళడు, వచ్చిన వస్తువైతే అసలు వెళ్ళనే వెళ్ళదు. మా అటక మీద వత్తుల స్టవ్వుంది. చిమ్నీ లేని లాంతరుంది. 1996 నవంబరు తుపానులో తడిసి, ఎప్పటికైనా ఆరకపోతుందా అని దాచిన రేడియో ఉంది. అప్‌డేట్ చేశాక పాత వెర్షన్లు ఉంచుకోకూడదని కంప్యూటరు తెలిసినవాళ్ళు అంటున్నారు. ఇంత నిండైన సంసారంలో ఒక్క కంప్యూటరు మాత్రం వాటిని మెడపట్టి గెంటాలట. ఇది మన సంస్కృతి మీద దాడి కాదా అని అడుగుతున్నాను.

అప్‌డేట్లంటే నాకు ద్వేషమేం లేదు. అవి వచ్చే వేళే బాగుండదు. సరిగ్గా కరెంటు పోయే టైముకి 'కంప్యూటరు ఆపవద్దు' అంటూ తెర మీద చక్రం తిరుగుతుంది. ఆపేది నేనా? ఒకప్పుడు ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి దెయ్యాన్ని వాయిదా వేసేవారు. నేనూ అలాగే 'రిమైండ్ మీ లేటర్' నొక్కుతూ నెట్టుకొచ్చాను. దెయ్యానికి మొహమాటం ఉంది, అప్‌డేట్‌కి లేదు. రేపు రమ్మంటే నిజంగానే రేపు వస్తుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. కోడిపందేలు మానేసి మరీ నా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. జాగా నిండిపోయి సి డ్రైవ్ గీత ఎర్రబడి ఉంది. ధవళేశ్వరం దగ్గర నీరు 17.75 అడుగులకి చేరితే ఇచ్చే మూడో ప్రమాద హెచ్చరికన్నమాట.

"మావయ్యా, జావా నాలుగు ఉన్నాయేంటి?" అన్నాడు. జావా అంటే కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేరు.

"అప్‌డేట్ చెయ్యమంది. నాలుగుసార్లు చేశాను."

"కొత్తది వచ్చాక పాతది తియ్యవా?"

"చిన్నల్లుడొచ్చాడని పెద్దల్లుణ్ణి పంపేస్తామా రా?"

వాడు నవ్వలేదు. 2014లో వచ్చిన జావా 8 అప్‌డేట్ 20 నుంచి, పాతవి తీసెయ్యనా అని ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే అడుగుతుందట. అడిగే ఉంటుంది, నేనే వద్దని ఉంటాను. పాత జావా ఊరికే కూర్చోదనీ, దాని కన్నం పూడ్చిన కొత్తది వచ్చాక ఆ కన్నం ఎక్కడుందో లోకమంతా తెలిసిపోతుందనీ చెప్పాడు. అంటే ఏటిగట్టులో ఎలుక బొరియ. 1986 వరద చూసినవాణ్ణి కాబట్టి దానికి మాత్రం నోరెత్తలేదు. నాలుగూ పోయాయి.

తర్వాత విండోస్.ఓల్డ్ బయటపడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్ల సరఫరా ఆగిపోయిందని తెలిసి, పండక్కి వారం ముందు 11కి మారాను లెండి. మారాక పాత విండోస్ మొత్తం ఈ ఫోల్డర్లో పది రోజులు ఉంటుందట. ఈలోగా మనసు మారితే వెనక్కి పోవచ్చు, గడువు దాటితే తనే తుడుచుకుపోతుంది. పది రోజులు! మన మైల లెక్కే. అమెరికాలో కూర్చుని ఆ నియమం పెట్టినవాళ్ళకి మా ఊరి పురోహితుడు ఎలా దొరికాడో! మావాడు మాత్రం దినవారాలు కూడా పూర్తికానివ్వకుండా ఏడో రోజే డిస్క్ క్లీనప్ తెరిచి ఊడ్చేశాడు. 22 జీబీ ఖాళీ అయింది. ఎర్రగీత నీలమైంది. మూడో హెచ్చరిక ఎత్తేశారు.

అక్కడితో ఆగుంటే ఈ వ్యాసం రాయాల్సిన పనుండేది కాదు. చీపురు రుచి మరిగిన చెయ్యి ఆగదు. ప్రోగ్రాముల జాబితాలో విజువల్ సీ ప్లస్ ప్లస్ (వేరే ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే ఫైళ్ళ మూట) అని 2005, 2008, 2010, 2012, 2013 వరసగా ఉన్నాయి, అవీ రెండేసి. "ఇదంతా పాత చెత్త మావయ్యా" అని, చివరి కొత్తదొక్కటి ఉంచి అన్నీ పీకేశాడు. మర్నాడు కొబ్బరి లెక్కల ప్రోగ్రాం తెరిస్తే, ఎంఎస్‌వీసీఆర్100.డీఎల్ఎల్ అనే ఫైలు కనబడటం లేదంది. అది 2010 తాలూకుది. ఏ ఏటి సరుకుతో కట్టిన ప్రోగ్రాము ఆ ఏటి సరుకునే వెతుక్కుంటుందట. రెండేసి ఉన్నవి కూడా నకళ్ళు కావు, ఒకటి 32 బిట్‌ది, ఒకటి 64 బిట్‌ది. 2015 నుంచి వచ్చినవి మాత్రమే ఒకే పొయ్యి మీద వండుకుంటాయి, కొత్తదొక్కటి ఉంటే వాటన్నిటికీ సరిపోతుంది. మూల కూర్చున్న పెద్దావిడకి పనేముందిలే అనుకుంటాం. ఆవిడ ఊరెళ్ళిన రోజున ఆవకాయ జాడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

పోనీ, తీసినవైనా పూర్తిగా పోయాయా? మా కాలువల పూడికతీత చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేసవిలో నీళ్ళు కట్టేస్తారు, మట్టి తోడి గట్టు మీదే పోస్తారు, తొలకరికి అది బుద్ధిగా కాలువలోకి దిగిపోతుంది. గుర్రపుడెక్కైతే ఒక్క ముక్క మిగిలినా చాలు. అన్‌ఇన్‌స్టాల్ సంగతీ అంతే. ప్రోగ్రాము పోతుంది, ప్రోగ్రాములు సామాను దాచుకునే యాప్‌డేటాలో దాని ఫోల్డరు ఉంటుంది, విండోస్ చిట్టా అయిన రిజిస్ట్రీలో దాని పేరుంటుంది. ఊరొదిలి పోయినవాడు రేషను కార్డులో మిగిలినట్టు.

నిజమైన నిష్ఠాపరుడు మా పక్క టౌన్లో డీటీపీ షాపాయన. విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, రెండూ 2001 నాటివి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే నూకలు చెల్లాయి. ఆయన శుభలేఖలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే చి.ల.సౌ. కాస్తా ఇంగ్లీషు పిచ్చిగీతలైపోతుంది.

"మార్చరా?" అన్నాను.

"మార్చనండి. దానికి నెట్ వైరు కూడా ఇవ్వలేదండి. తండ్రి పెళ్ళికి కొట్టిన ఫైల్లోనే పేర్లు మార్చి మొన్న కొడుకు పెళ్ళికి కొట్టానండి. ఆయ్!"

అప్‌డేట్ లేకుండా బతకాలంటే అంత నిగ్రహం కావాలి. నావల్ల కాదు, నాకు యూట్యూబ్ కావాలి.

మావాడు వెళ్ళేముందు 2010ది మళ్ళీ దించి పెట్టాడు. కొబ్బరి లెక్కలు తెరుచుకున్నాయి. బస్సు కదిలిందని ఫోనొచ్చాక, ఆ నాలుగు జావాల సెటప్ ఫైళ్ళు డౌన్‌లోడ్స్‌లో ఏమైనా మిగిలాయేమోనని వెతికాను. ఉన్నాయి, ఒక్కోటి రెండేసి. డి డ్రైవ్‌లో 'అటక' అని కొత్త ఫోల్డరు తెరిచి అన్నిటినీ అందులో సర్దాను.