మెడకాయ మీద ఫైవ్ బై ఫైవ్

నా మెడకు ఏ లోటూ లేదని ఈ మధ్యే రుజువైంది. రుజువు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది. ముందుకు వంచే కండరాల బలానికి 5/5, వెనక్కి వంచేవాటికి 5/5, కుడి 5/5, ఎడమ 5/5. మా అబ్బాయి ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా చదివి తేలేని మార్కులు నా మెడ ఒక్క పూటలో తెచ్చుకుంది. మెడ పట్టేసి తల తిప్పలేకే ఆ ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లాననేది చిన్న విషయం. అలాంటివి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

పరీక్ష జరిగిన తీరు వివరంగా చెప్పాలి, ముందు తరాలకు పనికొస్తుంది. అద్దాల తలుపు, ఏసీ, గోడ మీద వెన్నెముక బొమ్మ. పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు ముందే కట్టించుకున్నారు. నన్ను చక్రాల స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫిజియో కుర్రాడు ఎడమ చేతిలో ఫోన్ చూసుకుంటూనే కుడిచేతి వేళ్లు రెండు నా నుదుటికి ఆనించి, "నెట్టండి సార్" అన్నాడు. నెట్టాను. చక్రాల స్టూలు కదా, నేనే వెనక్కి పోయాను. అతను ఒకడుగు ముందుకేసి మళ్లీ ఆనించాడు. మళ్లీ నెట్టాను, మళ్లీ పోయాను. ఫోన్ మీంచి చూపు తిప్పకుండా అతను, అతని వేళ్ల మీంచి తల తియ్యకుండా నేను, రిసెప్షన్ దాకా ప్రయాణం చేశాం. దారిలో మెడకు పట్టీ కాలర్ వేసుకున్న ముసలాయన కాళ్లు పక్కకు తీసుకుని దారిచ్చాడు. గోడ తగిలి స్టూలు ఆగింది. "సూపర్ సార్, ఫైవ్ బై ఫైవ్!" అన్నాడు కుర్రాడు. గోడకు ఎన్నిచ్చాడో అడగలేదు.

తర్వాత తల వెనక అరచెయ్యి అలా తాకించి ఇలా తీశాడు. నేను కళ్లు మూసుకుని తల వంచాను. గుళ్లో శఠగోపం పెట్టేటప్పుడు అలవాటైన పనే. తీర్థం కోసం చెయ్యి కూడా చాపాను. రసీదు పెట్టారు. శఠగోపానికి తెలుగులో ఇంకో అర్థం కూడా ఉందని ఇంటికొచ్చాక మా ఆవిడ గుర్తుచేసింది.

మా పై వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. సర్కారు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారు. పోలియో పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని పని నేర్చుకున్న మనిషి. ఫైలు ఇస్తే తెరవను కూడా తెరవలేదు. "పడుకో నాయనా" అన్నారు. దివాన్ మీద వెల్లకిలా పడుకున్నాను. దిండు లాగేశారు. గడ్డం లోపలికి లాక్కుని తల పైకి లేపమన్నారు. లేపాక నుదుటి మీద రెండు వేళ్లు పెట్టి మెల్లగా నొక్కారు.

"రెండు వేళ్లు కరెక్టే. ఆ పిల్లాడు పాఠం సగం విన్నాడు. పడుకోబెట్టాలని చెప్పిన రోజు కాలేజీకి వెళ్లుండడు."

కూర్చున్నప్పుడు తల కుదురు మీద కుండలా ఉంటుంది, మెడకు పెద్ద పని ఉండదు. పడుకుని లేపితే దాదాపు అయిదు కిలోల బరువు మెడ ముందు కండరాల మీదే. ఆ బరువును పూర్తిగా లేపగలిగితే మూడు మార్కులు. పైన కొంత ఒత్తిడికి తట్టుకుంటే నాలుగు, గట్టిగా నిలబడితే అయిదు. కదలిక లేకపోయినా వేలి కింద కండరం కాస్త మిణుకుమంటే ఒకటి, అదీ లేకపోతే సున్నా. వెనక కండరాలకైతే బోర్లా పడుకోబెట్టి, తలను బల్ల అంచు దాటించి, పడిపోకుండా కింద ఒక చెయ్యి కాపు పెట్టుకుని చూడాలట. నా తల నాలుగు సెకన్లు వణికింది. తర్వాత గడ్డం ముందుకు పొడుచుకొచ్చింది. లోపలి కండరాలు చేతులెత్తేస్తే పక్కనున్న పెద్దవి బరువు నెత్తినేసుకుంటాయని, గడ్డం అందుకే అలా వస్తుందని చెప్పారు. "నాలుగు కూడా మొహమాటానికే ఇస్తున్నా" అన్నారు.

ఈ పరీక్షకు వందేళ్లు దాటింది. బోస్టన్‌లో రాబర్ట్ లోవెట్ అనే ఎముకల డాక్టరు దగ్గర పనిచేసిన విల్హెల్మిన్ రైట్, పోలియో పిల్లల కండరాలను ఇలా చూసే పద్ధతిని 1912లో అచ్చు వేయించింది. సున్నా నుంచి అయిదు అంకెలు 1943లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పెట్టినవి, నరాలు దెబ్బతిన్నవాళ్ల కోసం. చెయ్యి తప్ప ఏ యంత్రమూ అక్కర్లేదు. మన దగ్గర దాని ఖర్మ కూడా అదే. కరెంటు పెడితే బిల్లు, మెడను సాగదీసే ట్రాక్షన్ వేస్తే బిల్లు. ఉత్త చేత్తో నాలుగు నిమిషాలు చూస్తే ఏమొస్తుంది?

ఏమొస్తుందో చెప్తాను. రెండేళ్ల కిందట మా చిన్నాన్న కొడుకు కాళ్లు తిమ్మిరెక్కి, లేవలేక ఒక పెద్దాసుపత్రిలో చేరాడు. జీబీఎస్ అన్నారు, అంటే గిలియన్-బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు. మధ్యాహ్నం ఫైల్లో మెడ 5/5. వాడు మంచం మీదే వెల్లకిలా ఉన్నాడు, పడుకోబెట్టే శ్రమ కూడా లేదు! రాత్రి మంచినీళ్లు పట్టబోతూ మా పిన్ని "తల కొంచెం లేపరా" అంది. లేవలేదు. నర్సు చూసి పరిగెత్తింది. తెల్లారేసరికి వెంటిలేటర్.

ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కు వెళ్లే నరం మెడలో మూడు, నాలుగు, అయిదు నంబర్ల నరాల వేర్ల నుంచే పుడుతుంది. జీబీఎస్‌లో తల దిండు మీంచి లేవడం లేదంటే ఊపిరికీ ముప్పు దగ్గర్లోనే ఉందని అనుమానించాలి. కట్లపాము కరిచిన మనిషికి కూడా రెప్పలు వాలుతున్నాయా, తల లేపగలుగుతున్నాడా అని చూస్తారు. ఇది తెలియనివాడు కాదు ఆ అయిదు రాసింది. తెలిసీ, చెయ్యి పెట్టకుండా రాశాడు. మా పిన్ని పొద్దుటినుంచీ ఆ మంచం పక్కనే కూర్చుంది, వాడి నుదుటి మీద ఎవరి చెయ్యీ పడలేదు! చూడకపోతే చూడలేదని రాయండయ్యా. ఆ గడి ఖాళీగా ఉంటే తర్వాత వచ్చిన డాక్టరైనా ఒకసారి తల లేపమనేవాడు. అయిదు కనబడ్డాక ఎవడు అడుగుతాడు? వాడు బతికి బయటపడ్డాడు. అందులో ఆ ఫైలుకు వాటా లేదు.

కుర్రాళ్లనే అంటే పాపం. నా స్టూలు తోసినవాడు రోజుకు ముప్పై మందిని చూడాలని తనే చెప్పాడు. ఫైల్లో గడి ఖాళీగా ఉంటే మేనేజరు జీతం కోస్తాడట. అబద్ధం ఉంటే కొయ్యడు.

నా పది సిట్టింగులూ అయిపోయాయి. మొదటి రోజు 5/5, చివరి రోజు 5/5. దాని కింద ‘మెడ బలంలో చెప్పుకోదగ్గ మెరుగుదల’ అని రాసి స్టాంపు వేశారు. ఇంకో పది తీసుకుంటే డిస్కౌంట్ ఉందట. ఆలోచిస్తున్నాను, ఈసారి ఆరు రావచ్చు.